ఏసీ గది పక్కగోడకు బూజు: రెండుసార్లు పెయింట్ వేసినా ఎందుకు తిరిగొస్తోంది

మీరు రాసినదాంట్లో నాకు పనికొచ్చిన వివరాలు ఇవి. విశాఖ ఎంవీపీ కాలనీలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, మీది మూడో అంతస్తు. పిల్లల గదిలో గోడకు ఆనించి కార్పెంటర్ చేత చేయించిన ప్లైవుడ్ వార్డ్‌రోబ్ ఉంది. ముక్కవాసన వస్తోందని వెనక ప్లై విప్పి చూస్తే గోడంతా నల్లచుక్కలు. లోపల పట్టుచీరలకు, తోలు బెల్టులకు తెల్లటి బూజు. ఆ గోడకు అవతల మీ బెడ్‌రూమ్, అక్కడ రాత్రంతా ఏసీ 20 డిగ్రీల్లో నడుస్తుంది. పిల్లల గదికి ఏసీ లేదు, కిటికీలు తెరిచే ఉంటాయి. రెండుసార్లు యాంటీ ఫంగల్ పెయింట్ వేయించినా వానలు మొదలవగానే మళ్లీ వచ్చింది. ఇప్పుడు కాంట్రాక్టర్ బిల్డింగ్ బయటిగోడలకు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయిద్దామంటున్నాడు. పిల్లాడికి దగ్గు తగ్గట్లేదని టెన్షన్ పడుతున్నారు.

ముందు ఆ కోటింగ్ మాట ఆపేయండి. బూజు పట్టింది రెండు గదుల మధ్య అడ్డుగోడకి. దానికి వాన తగిలే దారే లేదు. బయట ఎంత ఖరీదైన కోటింగ్ పూసినా ఆ గోడకు ఒరిగేదేమీ ఉండదు.

సివిల్ ఇంజినీరుగా నేను చేసేది ఎక్కువగా తీరప్రాంతపు ఇళ్లలో చెమ్మ రిపేర్లే. బూజు అనగానే చాలామంది పెయింట్ వైపు చూస్తారు. నేను నీళ్లెక్కణ్ణుంచి వస్తున్నాయో చూస్తాను. బూజు విత్తనాలు, అంటే కంటికి కనబడని స్పోర్లు, ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి. వాటిని లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. దానికి కావలసిన తిండి కూడా ఇంటినిండా ఉంది: పెయింట్‌లోని జిగురు, ప్లైవుడ్, కాగితం, తోలు, దుమ్ము. మన చేతిలో ఉన్నది ఒక్క తేమే.

మీ గోడకు ఆ తేమ గాలిలోంచి వస్తోంది. వానాకాలంలో విశాఖలో గాలి 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమతో ఉండటం మామూలే. అలాంటి గాలి ఘనపు మీటరుకు దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి మోస్తుంది. అదే గాలిని 24 డిగ్రీలకు చల్లారిస్తే 22 గ్రాములకు మించి మోయలేదు. మిగిలింది నీరైపోతుంది. లెక్క వేస్తే, ఆ గాలి 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా తడి పెడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చెమర్చడం ఇదే.

ఇప్పుడు మీ గోడ చూద్దాం. అడ్డుగోడలు సాధారణంగా నాలుగున్నర అంగుళాలవే కడతారు. అవతల 20 డిగ్రీలు, ఇవతల 30 ఉంటే, పిల్లల గది వైపు ఖాళీగా ఉన్న గోడ సుమారు 27 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, ఎందుకంటే గదిలోని వెచ్చని గాలి దాన్ని కాస్త వేడిగా ఉంచుతుంది. దానికి అడ్డంగా బట్టలతో నిండిన వార్డ్‌రోబ్ పెట్టారనుకోండి, గది వేడి గోడదాకా చేరదు. చలి మాత్రం అవతలినుంచి వస్తూనే ఉంటుంది. అప్పుడు వెనక గోడ 24, 25 డిగ్రీలకు దిగిపోతుంది. వేడిని ఆపిన వార్డ్‌రోబ్ తేమను ఆపలేదు. ప్లై సందుల్లోంచి, తలుపు సందుల్లోంచి ఆ తడిగాలి వెనక్కి చేరుతుంది. గోడ మీద బొట్లు కనబడాల్సిన అవసరం కూడా లేదు. గోడను ఆనుకున్న గాలిపొరలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు అది చాలు. అందుకే చెయ్యి పెట్టి చూసి "గోడ పొడిగానే ఉందండీ" అంటారు చాలామంది.

యాంటీ ఫంగల్ పెయింట్ మోసం కాదు. అందులో బూజును చంపే మందు ఉంటుంది, కొంతకాలం పనిచేస్తుంది. కానీ రోజూ రాత్రి తడిసే గోడ మీద ఆ మందు క్రమంగా అయిపోతుంది. పైగా దాని మీద పేరుకున్న దుమ్మే బూజుకు కొత్త తిండి. మూడోసారి వేయించినా అంతే.

నా మాట మీద వెళ్లకుండా మీరే పరీక్ష చేసి చూసుకోండి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ఒక అడుగు చదరం ముక్క కత్తిరించి, వార్డ్‌రోబ్ వెనక గోడకు ఆనించి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. అలాంటిదే ఇంకోటి అదే గోడ మీద ఖాళీగా ఉన్న చోట పెట్టండి. ఒకటి రెండు రోజులు ఏసీ ఎప్పటిలాగే నడవనిచ్చి, తెల్లవారుజామున ఏసీ ఆపకముందే చూడండి. ఫాయిల్ పైవైపు తడి ఉంటే అది గదిగాలి తేమ. పైన పొడిగా ఉండి, ఊడదీసినప్పుడు గోడవైపు తడి కనిపిస్తే నీరు గోడ లోపలినుంచి వస్తోందన్నమాట. రెండోదే అయితే నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి ప్లంబర్‌ని పిలవాలి. దీంతోపాటు ఒక డిజిటల్ హైగ్రోమీటర్, అంటే గాలిలో తేమ శాతం చూపే మీటరు, కొనండి. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని వార్డ్‌రోబ్ లోపల ఒకరోజు, గదిలో ఒకరోజు పెట్టి అంకెలు రాసుకోండి. ఇంట్లో తేమ 60 శాతం లోపు ఉండాలి, 50 దగ్గర ఉంటే మరీ మంచిది.

గోడ లోపలి నీటికి గుర్తులు వేరేగా ఉంటాయి. నేలనుంచి ఎక్కే చెమ్మ స్కర్టింగ్ దగ్గర మొదలై సాధారణంగా మీటరు ఎత్తు లోపల ఆగిపోతుంది, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది, పెయింట్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మూడో అంతస్తులో అది ఉండదు. ఇండిపెండెంట్ ఇళ్లకు మాత్రం ఇది పెద్ద తలనొప్పి. మన ఊళ్లలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేస్తారు, పదిహేనేళ్లు తిరిగేసరికి ఇంటి గచ్చుకన్నా వీధి ఎత్తయిపోతుంది. అప్పుడు పునాది మీద చెమ్మ ఆపడానికి వేసిన డీపీసీ పొర కూడా మట్టిలో కూరుకుపోయి పనిచేయదు. దానికి ఇంట్లో పెయింట్ మార్చి లాభం లేదు.

బాత్‌రూమ్ గోడకు ఇవతలి వైపు మచ్చ ఉంటే టైల్స్ సందులనో, లోపలి పైపులనో అనుమానించాలి. నహానీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే జాలీ రంధ్రం) మూసి బాత్‌రూమ్‌లో రెండంగుళాల నీళ్లు రంగు కలిపి ఒక రోజంతా నిలబెడితే తెలిసిపోతుంది. బయటిగోడ మచ్చ గాలివాన వచ్చిన మర్నాడు పెరుగుతుంది. కిటికీ కింద అంచు, సన్‌షేడ్ గోడను కలిసే గీత, స్లాబు బీముకు ఇటుకగోడకు మధ్య పగులు, ఈ మూడు చోట్లా చూడాలి. ఇంకోటి ఎవరూ చూడనిది: ఏసీ పైపుల కోసం గోడకు కొట్టిన రంధ్రం. అది బయటికి వాలుగా ఉండాలి. లోపలికి వాలితే ప్రతి వానకూ నీళ్లు నేరుగా ఇంట్లోకే. ఏసీ డ్రెయిన్ పైపును గోడలో దాచేసిన చోట కూడా ఒకసారి బకెట్ పెట్టి నీళ్లు సాఫీగా పడుతున్నాయో లేదో చూసుకోండి. రాత్రికి లీటర్ల కొద్దీ నీరు అందులోంచి పోవాలి.

మీ చెల్లెలు లండన్‌నుంచి "రోజూ పొద్దున్నే కిటికీలన్నీ తెరవండి, బూజు పోతుంది" అని చెప్పిందన్నారు. ఆమె ఊళ్లో అది నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ చలికాలంలో బయటిగాలి 5 డిగ్రీలుంటే, ఎంత తడిగా కనిపించినా ఘనపు మీటరుకు 7 గ్రాములకు మించి నీరుండదు. దాన్ని లోపలికి తెచ్చి హీటర్‌తో 20 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 40 శాతానికి పడిపోతుంది. ఇల్లు ఆరుతుంది. విశాఖలో జులైలో కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేది ఆ 24 గ్రాముల గాలే. మధ్యాహ్నం తేమ శాతం తగ్గినట్టు హైగ్రోమీటర్ చూపిస్తుంది కానీ, అది గాలి వేడెక్కడం వల్ల. అందులో మోస్తున్న నీరు పెద్దగా తగ్గదు. యూట్యూబ్‌లో బూజు గురించి కనబడే సలహాల్లో చాలా భాగం చలిదేశాలవి. వాటిని తీరాంధ్ర ఇంటికి దించితే తలకిందులవుతాయి.

నేను అందరికీ చెప్పేది ఒకటే. ఇల్లు తెరిస్తే పూర్తిగా తెరిచి ఉంచండి, మూస్తే పూర్తిగా మూయండి. మన పాత పెంకుటిళ్లలో, మండువా లోగిళ్లలో ఈ రకం బూజు తక్కువ. గాలి ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోయేది. గోడకూ గాలికీ వేడిలో తేడా ఉండేది కాదు కాబట్టి తడి పట్టేది కాదు. దానికితోడు గోడలకు ఏటా పండగకు వేసే సున్నం. కొత్త సున్నం గాఢమైన క్షారం, దాని మీద బూజు బతకదు. మరోపక్క ఇల్లంతా మూసి, ఏసీ సరిగా నడిచే ఇంట్లోనూ బూజు తక్కువే, ఎందుకంటే ఏసీయే గాలిలో నీటిని తీసేస్తుంది. చిక్కంతా మీలా సగం సగం నడిచే ఇళ్లలో: ఒక గది చల్లగా, పక్కగది తెరిచి, మధ్యలో పలచటి గోడ.

కాబట్టి మొదట ఏసీని 25 లేదా 26కి పెంచండి, ఫ్యాన్ తోడుగా వేసుకోండి. 2020 నుంచి మనదేశంలో స్టార్ రేటింగ్ రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలయ్యేలా వస్తున్నాయి, 20కి దించేది మనమే. బాగా వానలున్న రోజుల్లో ఏసీ రిమోట్‌లో డ్రై మోడ్ (చల్లార్చడంకన్నా తేమ తీయడం మీద నడిచేది) వాడండి. చిన్నగదికి రెండు టన్నుల ఏసీ పెట్టినవాళ్లకు మాత్రం ఇంకో ఇబ్బంది: అది గదిని గబగబా చల్లార్చేసి ఆగిపోతుంది, గాలిలో నీరు తీసేంతసేపు నడవదు. గది చల్లగా ఉంటుంది, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది.

అయితే ఏసీ 26కి పెంచినంత మాత్రాన మీ సమస్య పూర్తిగా తీరదు. గోడ మీద నీరు కట్టడం ఆగుతుంది, కానీ పిల్లల గది గాలే 80 శాతం తేమతో ఉన్నప్పుడు వార్డ్‌రోబ్ వెనక అంతకంటే పొడిగా ఎలా ఉంటుంది? అందుకే రెండో పని, వార్డ్‌రోబ్‌ను ఆ గోడనుంచి తప్పించడం. ఏసీ గదితో కలవని లోపలి గోడ ఏదైనా ఉంటే అక్కడికి మార్చండి. కార్పెంటర్‌కి ఒకటి రెండు రోజుల పని. గోడకు ఆనించకుండా మూడు అంగుళాలు వదలాలి. అడుగున మూసిన బాక్స్ కాకుండా కాళ్లు పెట్టించి, పైన కూడా సీలింగ్‌కి తగలకుండా జాగా ఉంచితే గాలి కిందినుంచి పైకి తిరుగుతుంది. ఖాళీ అయిన గోడ రాత్రి కాస్త చెమ్మ పట్టినా పగలు ఫ్యాన్ గాలికి ఆరిపోతుంది. బూజు పెరగడానికి ఆగకుండా తడి కావాలి, రోజూ ఆరే గోడ దానికి నచ్చదు.

మార్చడానికి జాగా లేకపోతే, వానాకాలం మూడు నాలుగు నెలలైనా పిల్లల గదిని కూడా మూసి 26లో ఏసీ నడపాలి. లేదంటే డీహ్యూమిడిఫైయర్, అంటే గాలిలో తేమను లాగేసే యంత్రం. పిల్లలు స్కూలుకి వెళ్లాక కిటికీలు మూసి, వార్డ్‌రోబ్ తలుపులు తీసిపెట్టి నడపండి. కిటికీలు తెరిచి నడిపితే బంగాళాఖాతాన్ని ఆరబెడుతున్నట్టే. ఆ యంత్రం గదిని కొంచెం వేడి చేస్తుంది, అందుకే రాత్రిపూట వద్దంటున్నాను.

గోడ మీద పీవీసీ ప్యానెల్స్ బిగిస్తే మచ్చలు కనబడవని ఎవరో చెప్పారన్నారు. కనబడవు, నిజమే. వెనక మీ వార్డ్‌రోబ్ చేసిన పనే అవి ఇంకా బాగా చేస్తాయి. ఇన్సులేషన్ పెట్టాలనే ఆలోచన ఉంటే దాన్ని ఏసీ గది వైపు పెట్టాలి. అప్పుడు గోడ చల్లబడదు.

ఇంట్లో మనం పుట్టించే తేమ కూడా తక్కువేం కాదు. వానాకాలంలో బట్టలు గదిలో ఆరేస్తే ఒక మెషిన్ లోడుకు రెండు లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. పిల్లల గదిలో దండెం కట్టి ఉంటే ముందు అది తీసేయండి. బాల్కనీలో ఆరకపోతే బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ వేసి తలుపు మూసి ఆరేయడం మేలు. స్నానం తర్వాత కూడా ఎగ్జాస్ట్ ఇరవై నిమిషాలు నడవనివ్వాలి. నేలను తడిబట్టతో తుడిచిన వెంటనే గది మూయకండి.

ఇక ఉన్న బూజు తీయడం. పది చదరపు అడుగుల లోపు అయితే మీరే చేసుకోవచ్చు. పిల్లాడిని ఆ పూట వేరేచోట ఉంచండి. ఎన్95 మాస్క్, గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్యాన్ ఆపి, గది తలుపు మూసి, కిటికీ తెరవండి. పొడి బ్రష్‌తో గీకొద్దు, పొడిగుడ్డతో దులపొద్దు. స్పోర్లు ఇల్లంతా లేస్తాయి. డిటర్జెంట్ నీళ్లు స్ప్రే చేసి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి. లప్పం మెత్తబడి ఉంటే తడిపి తడిపి గీరేసి ప్లాస్టరింగ్ వరకు వెళ్లాలి. బ్లీచ్ టైల్స్ మీద బాగా పనిచేస్తుంది, లప్పం గోడలోకి దిగదు. రంగు తెల్లబడి పోయినట్టు కనిపిస్తుంది, వేరు ఉంటుంది. వాడితే మాత్రం బాత్‌రూమ్ యాసిడ్‌తో గానీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో గానీ, అమ్మోనియా ఉన్నవాటితో గానీ ఎట్టిపరిస్థితుల్లో కలపొద్దు. విషవాయువులు పుడతాయి, మూసిన బాత్‌రూమ్‌లో ప్రాణాలకే ముప్పు.

వెనక ప్లై నల్లబడి పొరలు విడుస్తుంటే పారేయండి, కడిగి లాభం లేదు. చీరలను నీడలో గాలికి ఆరేసి, మెత్తటి బ్రష్‌తో బాల్కనీలో దులిపి, డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. ప్లాస్టిక్ కవర్లలో మళ్లీ పెట్టొద్దు, పాత నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు నెలలకొకసారి మడత మార్చండి. కర్పూరం, వేపాకు, నాఫ్తలీన్ ఉండలు పురుగులకు తప్ప బూజుకు పనిచేయవు. చంటిపిల్లల బట్టల్లో నాఫ్తలీన్ అసలు వద్దు, కొందరు పిల్లలకు రక్తకణాలు దెబ్బతింటాయి. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన అరలో పనిచేస్తాయి, నీరు నిండగానే మార్చాలి, చీరల మీద ఒలికితే మరక పోదు.

దగ్గు గురించి: చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఆస్తమా, ఊపిరి ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. అలాగని దగ్గంతా బూజువల్లే అనుకోవడానికి లేదు. పిల్లల డాక్టరుకు చూపించి, గదిలో బూజు ఉందని తప్పకుండా చెప్పండి. నల్లగా ఉంది కాబట్టి విషపు బూజేమో అని ల్యాబ్ టెస్టులకు డబ్బు పెట్టకండి. రంగును బట్టి జాతి తెలియదు, జాతి ఏదైనా చేయవలసిన పని ఇదే. శుభ్రం చేసేదాకా వాడిని ఆ గదిలో పడుకోబెట్టకండి.

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు రోజుల తరబడి నిలిచిన ఇళ్ల సంగతి వేరు. తడిసినవాటిని ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది. పరుపులు, ఎండీఎఫ్ ఫర్నిచర్ ఇలాంటప్పుడు మిగలవు. ఇటుకగోడ లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని కొత్త ప్లాస్టరింగ్ మీద లప్పం, పెయింట్ లాగించేసే ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది, లోపలి నీరు బయటికి పోయే దారి మూసేస్తారు.

మీ గోడకు పెయింట్ ఇప్పుడు వేయించకండి. శుభ్రం చేసి, వార్డ్‌రోబ్ మార్చి, గోడను అలాగే వదిలేయండి, చూడ్డానికి బాగోకపోయినా సరే. తూర్పు తీరంలో డిసెంబరు వరకు వానలు, తుపాన్లు ఉంటాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో మళ్లీ ఫాయిల్ పెట్టి చూడండి. రెండువైపులా పొడిగా ఉంటే లప్పం పలచగా పెట్టించి, మామూలు ఎమల్షన్ రెండు కోట్లు చాలు. కాంట్రాక్టర్ అప్పటికీ బయటి కోటింగే అంటే, ఆ గోడకు బయటి నీళ్లు ఏ దారిన వస్తున్నాయో చేత్తో చూపించమనండి.